నాలుగొందల గ్రాముల కూన, పద్నాలుగు రోజుల లెక్క

నాలుగు వారాల పిల్లికూన బరువు ఇంచుమించు 400 గ్రాములు. మనుషుల మందుల షాపులో దొరికే ఆల్బెండజోల్ మాత్రలో మందు 400 మిల్లీగ్రాములు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లల చేత నమిలించే మాత్ర ఇదే. ఏడాది దాటి రెండేళ్లు నిండని పసివాళ్లకు అందులో సగమే వేస్తారు. పది కిలోల బిడ్డకు 200 మి.గ్రా. అంటే కిలోకు 20. ఇంట్లో మిగిలిన మాత్ర చూసి, "చిన్నదే కదా, ఓ పావు ముక్క నూరి పాలల్లో పట్టేస్తే సరి" అనుకునేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. ఆ పావు ముక్కలో 100 మి.గ్రా. ఉంటుంది. 400 గ్రాముల ఒంటికి అది కిలోకు 250 మి.గ్రా. కింద లెక్క. పసిబిడ్డకు ఇచ్చిన మోతాదుకు పన్నెండున్నర రెట్లు.

పైగా అది పిల్లులకు నప్పే మందు కాదు. ఆల్బెండజోల్ పడిన పిల్లుల్లో ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయిన కేసులు పశువైద్యంలో నమోదై ఉన్నాయి. పాలు తాగే ప్రాణం మీద ఇలాంటి ప్రయోగం చేయకూడదు.

అలాగని "పాలు మానాక చూద్దాంలే" అని వదిలేయడం కూడా అంత పొరపాటే. పాలు మానే వేళకు పురుగులు ముదిరిపోయి, గుడ్లు పెట్టడానికి సిద్ధంగా ఉంటాయి. పిల్లికూనకు పురుగుల మందు వేయడం పెద్ద విద్యేమీ కాదు. గ్రాముల్లో చూపించే వంటింటి తూకం ఒకటి, గోడకు వేలాడే క్యాలెండరు ఒకటి, పశువైద్యుడు రాసిచ్చిన సరైన మందు ఒకటి ఉంటే చాలు. చిక్కల్లా మొదటి రెండింటినీ పట్టించుకోకపోవడంలోనే ఉంది.

పాలతో పాటు వచ్చేది

కూనల కడుపులో ఎక్కువగా కనబడేది ఏలికపాము. దీని శాస్త్రీయ నామం టాక్సోకారా కాటి. బవేరియాకు చెందిన ష్రాంక్ 1788లోనే దీన్ని వర్ణించాడు. మనుషుల కడుపులో పెరిగే ఏలికపాము వేరు, ఇది వేరు. తెల్లగా, గుండ్రంగా, రెండు కొసలూ సన్నగా ఉంటుంది. మగది 3 నుంచి 7 సెంటీమీటర్లు, ఆడది 10 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. అరచేతిలో ఇమిడిపోయే కూన పేగులో ఇలాంటివి పదీ ఇరవై చేరితే తిన్నది ఒంటికి పట్టదు, పొట్ట మాత్రం ఉబ్బుతుంది. ఆ పొట్ట చూసి "పాలు బాగా తాగుతోంది, బొద్దుగా ఉంది" అని మురిసిపోతాం. నిజం తెలియాలంటే పొట్ట వైపు చూడకండి, వీపు మీద వేలు పెట్టి రాయండి. కడుపు నిండుగా ఉండి, వెన్నుపూసలు మాత్రం ఒక్కొక్కటే వేలికి తగులుతున్నాయంటే అది బొద్దుతనం కాదు. బొచ్చు నిగనిగలాడక రేగినట్టు ఉండటం, అప్పుడప్పుడు విరేచనాలు, ఒక్కోసారి వాంతిలో బతికున్న పురుగు పడటం, ఇవన్నీ అదే కథ చెబుతాయి.

2020లో ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో 17 శాతం పిల్లుల్లో టాక్సోకారా ఉన్నట్టు తేలింది. ఇది ఇళ్లలో పెరిగేవి, వీధిలో తిరిగేవి, పెద్దవి, చిన్నవి అన్నీ కలిపిన సగటు. కాబట్టి "ఆరింట ఒకటే కదా" అని కూన విషయంలో ధీమా పడటానికి లేదు. దానికి పురుగులు సోకే దారి అంత దగ్గర్లో ఉంది మరి. ఆ దారి తల్లిపాలు.

తల్లిపిల్లి ఎలుకనో బల్లినో బొద్దింకనో తింటుంది. వాటి ఒంట్లో టాక్సోకారా పిల్ల పురుగులు, అంటే లార్వాలు, దాగి ఉండవచ్చు. లేదా మట్టిలోని గుడ్లు కాళ్లకు అంటుకుని, నాకినప్పుడు నోట్లోకి పోతాయి. ముఖ్యంగా చూలు చివరి రోజుల్లో ఇలా సోకితే ఆ లార్వాలు పాల గ్రంథుల్లోకి చేరి, పాలతో పాటు కూన కడుపులో పడతాయి. తల్లి ఆరోగ్యంగానే కనబడుతుంది. కూన పాలు తాగిన ప్రతిసారీ కొత్త లార్వాలు లోపలికి వెళ్లే అవకాశం ఉంటుంది.

కుక్కలకూ పిల్లులకూ ఇక్కడే ఒక తేడా ఉంది. మందు తేదీ దాని మీదే ఆధారపడుతుంది. కుక్కల్లో ఉండే టాక్సోకారా కేనిస్ లార్వాలు మాయ దాటి, కుక్కపిల్ల ఇంకా గర్భంలో ఉండగానే దాని ఒంట్లోకి వెళ్తాయి. అందుకే కుక్కపిల్లలకు మొదటి మందు 2 వారాలకే వేస్తారు. పిల్లుల్లో గర్భంలో సోకడం జరగదు. పుట్టాక పాలతోనే మొదలు కాబట్టి ఐరోపా పరాన్నజీవి నిపుణుల మార్గదర్శకాలు మొదటి మోతాదు 3 వారాలకు చెబుతాయి. అమెరికాలో 2 వారాల నుంచే మొదలుపెట్టమంటారు. మీ డాక్టరు ఈ రెండింట్లో ఏది చెప్పినా సరే, 6 వారాలకో 8 వారాలకో తొలి మందు అంటే మాత్రం ఆలస్యమైనట్టే.

3, 5, 7, 9

ఒక్క మోతాదుతో ఎందుకు సరిపోదు? కూనలకు ఎక్కువగా వాడే పైరాంటెల్ అనే మందు పేగులోంచి రక్తంలోకి పెద్దగా ఎక్కదు. ఆ ఎక్కకపోవడమే దాని మంచితనం, అందుకే అది పసికూనలకు కూడా భద్రం. పేగులో ఉన్న పురుగుల కండరాలు బిగుసుకుపోయేలా చేస్తుంది, పట్టు తప్పిన పురుగు మలంతో బయటికి వచ్చేస్తుంది. అదే గుణం దాని హద్దు కూడా. గుడ్ల ద్వారా సోకిన లార్వాలు నేరుగా పేగులో స్థిరపడవు. పేగు గోడ తొలుచుకుని కాలేయానికి, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళ్లి, దగ్గుతో గొంతులోకి వచ్చి, మింగినప్పుడు మళ్లీ పేగు చేరతాయి. ఈ ప్రయాణంలో ఉన్నవాటిని పైరాంటెల్ తాకలేదు. ఈ రోజు మందు వేస్తే ఈ రోజు పేగులో ఉన్నవి పోతాయి. దారిలో ఉన్నవి, రేపటి పాలతో రాబోయేవి మిగిలే ఉంటాయి.

పాలతో వచ్చిన పురుగు పెరిగి పెద్దదై గుడ్లు పెట్టడానికి సుమారు 7 వారాలు, గుడ్డు మింగడం వల్ల వచ్చిన పురుగుకు సుమారు 8 వారాలు పడుతుంది. 14 రోజులకోసారి మందు పడుతూ ఉంటే కొత్తగా పేగు చేరిన ఏ గుంపుకూ అంత వ్యవధి దొరకదు. అందుకే 3, 5, 7, 9 వారాలు. పాలు మానిన తర్వాత మరో రెండు వారాల దాకా ఈ పద్ధతి నడవాలి కాబట్టి, కూన ఆలస్యంగా పాలు మానితే 11వ వారం కూడా కలుస్తుంది. ఆ పైన నెలకొకటి చొప్పున ఆరు నెలలు నిండేదాకా. మొత్తం మీద ఎనిమిది తొమ్మిది సార్లు. వినడానికి ఎక్కువనిపిస్తుంది గానీ, పురుగు జీవితం ఆ లెక్కలో నడుస్తున్నప్పుడు మన సౌకర్యం కోసం తగ్గించుకునే వీలు లేదు.

కూనలకు మొదటి మందు వేసిన రోజే పాలిచ్చే తల్లికీ వేయాలి. చాలా ఇళ్లలో తప్పిపోయే మోతాదు ఇదే. తల్లి కూనల్ని నాకి శుభ్రం చేస్తుంది, వాటి మలం కూడా నోటితోనే తీసేస్తుంది. కాబట్టి పురుగులు అటూ ఇటూ రెండు వైపులా తిరుగుతుంటాయి.

పుట్టిన తేదీ తెలియని కూన అయితే? మెట్ల కింద, కట్టెల మోపుల మధ్య దొరికేవన్నీ అలాంటివే. కళ్లు తెరుచుకునేది ఒకటి రెండు వారాల మధ్య. ముందుపళ్లు చిగుళ్లలోంచి పొడుచుకొస్తుంటే 3 వారాలు దాటిందని అనుకోవచ్చు. ఆ పక్కనే కోరపళ్లు కూడా కనబడితే నాలుగో వారంలో ఉందన్నమాట. ఆరో వారానికి లోపలి పళ్లు కూడా దిగుతాయి. నోరు తెరిచి చూడటానికి అరనిమిషం పడుతుంది, తేదీల లెక్క అక్కణ్నుంచి మొదలుపెట్టొచ్చు.

"మల పరీక్ష చేయించి, పురుగులుంటేనే వేద్దాం" అనేవాళ్ల ఆలోచనలో తప్పేమీ లేదు. పెద్ద పిల్లికి అది మంచి పద్ధతే. ప్రయోగశాలలో కాస్త మలాన్ని చిక్కటి ఉప్పునీళ్లలోనో చక్కెర ద్రావణంలోనో కలిపి, వడకట్టి, గొట్టంలో పోసి, పైన సన్నని గాజు పలక మూత పెడతారు. ద్రావణం కన్నా తేలికైన గుడ్లు పదీ పదిహేను నిమిషాల్లో పైకి తేలి గాజుకు అంటుకుంటాయి. సూక్ష్మదర్శిని కింద చూస్తే గుండ్రంగా, ముదురు రంగులో, పెంకు మీద సన్నని గుంటలతో టాక్సోకారా గుడ్డు కనబడుతుంది. ఒక్కోటి ఇంచుమించు 70 మైక్రాన్లు. వరసగా పేరిస్తే ఒక మిల్లీమీటరులో పద్నాలుగు పడతాయి. అయితే ఈ పరీక్ష వెతికేది గుడ్లను. నాలుగు వారాల కూన పేగులో పురుగులు పదుల్లో ఉన్నా అవి ఇంకా గుడ్లు పెట్టే వయసుకు రాలేదు. కాగితం మీద "లేవు" అని వస్తుంది, కడుపులో ఉంటాయి. పరీక్ష లేకుండానే కూనలన్నిటికీ మందు వేయమనడానికి కారణం ఇది. ఆరు నెలలు దాటాక పరీక్ష మాట నమ్మొచ్చు.

సూదిలేని సిరంజిలో 0.07

ఇప్పుడు మోతాదు. పైరాంటెల్‌ను కూనలకు కిలోకు 10 మి.గ్రా. చొప్పున ఇవ్వమని డాక్టరు రాశారనుకుందాం. ఒక మిల్లీలీటరులో 50 మి.గ్రా. మందు ఉండే ద్రావణం మన చేతిలో ఉంది. 3 వారాల కూన 350 గ్రాములు తూగితే దానికి కావలసింది 3.5 మి.గ్రా. సీసాలోంచి తీయాల్సింది 0.07 మి.లీ. ఒక మి.లీ. సిరంజి మీద సన్నగీతలు ఏడు. టీ చెంచాలో పావు వంతు అంటే 1.25 మి.లీ. దాన్లో 62.5 మి.గ్రా. ఉంటుంది, కావలసిన దానికి దాదాపు 18 రెట్లు. చెంచాలు, చుక్కలు, మూతలు ఈ బరువులో కొలమానాలు కానే కావు.

ఆరోగ్యంగా ఉన్న కూన వారానికి ఇంచుమించు 100 గ్రాములు పెరుగుతుంది. 9 వారాలకు 950 గ్రాములు ఉందనుకుంటే అదే ద్రావణంలో 0.19 మి.లీ. కావాలి. ఆరు వారాల్లో మోతాదు రెండున్నర రెట్లకు మించి పెరిగింది. మొదటిసారి డాక్టరు చెప్పిన 0.07 మి.లీ.నే నాలుగుసార్లూ పోస్తూ పోతే చివరిసారి సగం కూడా అందదు. కాబట్టి మందు వేసే ప్రతి రోజూ తూకం వేయాలి. లోతైన గిన్నె తూకం మీద పెట్టి, సున్నాకు తెచ్చి, కూనను అందులో కూర్చోబెడితే అయిపోయింది.

సీసా మీద అంకెలు చదివేటప్పుడు ఒక సంగతి గమనించండి. పైరాంటెల్ పామోయేట్ అనే లవణం 144 మి.గ్రా.లో అసలు పైరాంటెల్ 50 మి.గ్రా. ఉంటుంది. కొన్ని లేబుళ్ల మీద 144 పెద్దగా కనబడుతుంది, కొన్నింటి మీద 50. డాక్టరు ఏ అంకెతో లెక్క కట్టారో అడగకపోతే మోతాదు మూడు రెట్లు అటో ఇటో అవుతుంది. పైగా మందు అడుగున పేరుకుంటుంది. సీసా కుదపకుండా పై తేట పోస్తే నీళ్లు పోసినట్టే, ఆఖరికి అడుగుది పోస్తే చిక్కటి మడ్డి. నేను పైన వేసినది లెక్క ఎలా కట్టాలో చూపించడానికి వేసిన లెక్క. మీ చేతిలో ఉన్న సీసాకు, మీ కూన బరువుకు ఎంతో డాక్టరు చేతే రాయించుకోండి.

పట్టేటప్పుడు కూనను పాత తువ్వాలులో చుట్టి, తల మాత్రం బయట ఉంచాలి. సిరంజి కొసను కోరపన్ను వెనక సందులోంచి, పక్కనుంచి పెట్టి, నాలుక మీద కొద్దికొద్దిగా వదలాలి. తల వెనక్కి వంచి గొంతులోకి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రోజూ మర్నాడూ మలంలో పురుగులు పడవచ్చు, కంగారు పడనక్కర్లేదు. ఏమీ పడకపోయినా మందు పనిచేయలేదని కాదు, చిన్న పురుగులు అరిగిపోయి కనబడకుండానే పోతాయి. అయితే కూన నీరసంగా పడి ఉన్నా, పాలు ముట్టకపోయినా, వాంతులు ఆగకపోయినా ఇంట్లో పురుగుల మందు పట్టకూడదు, అదే పూట ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది ప్రాణాలు తీసే పాన్‌ల్యూకోపీనియా వైరస్ కావచ్చు, కాక్సీడియా కావచ్చు. ఈ రెండింటికీ పురుగుల మందుతో పని లేదు.

ఏలికపాముతో పోలిస్తే కొంకిపురుగు చిన్నది, సెంటీమీటరుకు అటూ ఇటూ. మలంలో కంటికి ఆనదు. కానీ అది పేగు గోడను కరిచిపట్టి రక్తం తాగుతుంది. కిలో బరువుకు ఇంచుమించు 60 మి.లీ. రక్తం చొప్పున 400 గ్రాముల కూన ఒంట్లో మొత్తం ఉండేది 24 మి.లీ. అయిదు టీ చెంచాలు కూడా నిండవు. ఆ కాస్త రక్తంలోంచి రోజూ పోతూ ఉంటే ఎన్నాళ్లు తట్టుకుంటుంది? చిగుళ్లు గులాబీ రంగు పోయి తెల్లబారితే, మలం నల్లగా జిగటగా వస్తుంటే మర్నాటి దాకా ఆగవద్దు. ఈ పురుగు లార్వాలు తడినేలలో ఉండి చర్మం గుండా కూడా లోపలికి పోగలవు, వానాకాలం వీటికి అనువైన కాలం. పైరాంటెల్ పేగులోని కొంకిపురుగు మీద కూడా పనిచేస్తుంది.

బద్దెపురుగు కథ వేరు. తోక కింద, పడుకున్న గుడ్డ మీద ఎండిన బియ్యపు గింజల్లాంటివి కనబడితే అవి దాని ముక్కలు. మొత్తం పురుగు అర మీటరు దాకా ఉంటుంది. దీని మీద పైరాంటెల్ పనిచేయదు, ప్రాజిక్వాంటెల్ కావాలి, అది ఏ వయసు నుంచి ఇవ్వొచ్చో డాక్టరే చెప్పాలి. అయితే బొచ్చులో గెంతుతూ తిరిగే ఫ్లీ పురుగుల్ని అలాగే ఉంచి బద్దెపురుగుకు మందు వేయడం డబ్బు దండగ. ఒళ్లు నాక్కుంటూ కూన ఒక్క ఫ్లీని మింగినా దాని కడుపులోని లార్వా నుంచి మూడు వారాల్లో కొత్త బద్దెపురుగు తయారవుతుంది. ఫ్లీల కోసమని కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు మాత్రం పిల్లి మీద చుక్క కూడా వేయకండి. కుక్క కాలేయం దాన్ని అరిగించుకుంటుంది, పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు, మూర్ఛలు వచ్చి చనిపోవచ్చు.

మన పిల్లల సంగతి

1950లో అమెరికాలో హెలెనోర్ వైల్డర్ అనే శాస్త్రవేత్త, క్యాన్సర్ అనుమానంతో తొలగించిన 46 కళ్లను పరిశీలిస్తే 24 కళ్లలో పురుగు లార్వాల జాడ దొరికింది. చాలావరకు పిల్లల కళ్లు. 1952లో పాల్ బీవర్ బృందం పిల్లల కాలేయంలో ఇలాంటి లార్వాల పని గుర్తించింది. వైల్డర్ చూసిన లార్వాలు టాక్సోకారావేనని 1956లో నికల్స్ తేల్చాడు. కుక్క పురుగు, పిల్లి పురుగు రెండూ ఈ జాతివే. 2019 నాటి ప్రపంచవ్యాప్త విశ్లేషణ ప్రకారం 19 శాతం మందిలో టాక్సోకారా సోకిన ఆనవాళ్లు రక్తంలో ఉన్నాయి. 2018 నాటి మరో విశ్లేషణలో పార్కులు, ఆటస్థలాల వంటి బహిరంగ ప్రదేశాల్లో 21 శాతం చోట్ల ఈ గుడ్లు కనబడ్డాయి. సోకినవాళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి మాత్రం కన్నో కాలేయమో దెబ్బతింటుంది.

ఈ అంకెలు చూసి కూనను సంచిలో వేసి ఊరవతల వదిలి రావడం అన్యాయం, పైగా దానివల్ల ఒరిగేదీ లేదు. మలంతో బయటపడిన రోజున టాక్సోకారా గుడ్డు ఎవరికీ సోకదు. లోపల లార్వా తయారవడానికి రెండు నుంచి నాలుగు వారాలు కావాలి. కూనను ఎత్తుకోవడం కన్నా వారాల క్రితం మలం పడిన మట్టితోనే అపాయం ఎక్కువ. రోజూ మలం తీసి పారేస్తే ఏ గుడ్డుకూ ఆ వ్యవధి దొరకదు. తీయకపోతే మట్టిలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ దాన్ని చంపలేవు. గచ్చు మీదైతే మలం తీసేశాక మరిగే నీళ్లు పోయడం పనికొస్తుంది. మన వీధుల్లో ఇల్లు కడుతున్న చోటల్లా గుమ్మం ముందు ఇసుక కుప్ప ఉంటుంది. రాత్రి పిల్లులు అందులో తవ్వి పూడుస్తాయి, పగలు పిల్లలు అదే ఇసుకలో గూళ్లు కడతారు. రాత్రిపూట దానిమీద ఒక టార్పాలిన్ కప్పి నాలుగు ఇటుకలు పెట్టమని మేస్త్రీకి చెప్పండి. పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

కూనను ఎనిమిదో వారం దాటాక ఎవరికైనా పెంపకానికి ఇస్తుంటే దాంతోపాటు ఒక చీటీ కూడా ఇవ్వండి. పుట్టిన తేదీ, మందు వేసిన ప్రతి తేదీ, ఆ రోజు బరువు ఎన్ని గ్రాములు, ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు, తర్వాతి తేదీ ఏది, అన్నీ రాయండి. 3, 5, 7 వారాల మోతాదులు మీ ఇంట్లో పడి ఉంటాయి. 9వ వారానిది, ఆపైన ఆరు నెలల దాకా నెలనెలా వేయాల్సినవి కొత్త ఇంటివాళ్ల బాధ్యత. ఆ తర్వాత బయట తిరిగే పిల్లికి ఏడాదికి కనీసం నాలుగుసార్లు, గడప దాటని పిల్లికి ఎన్నిసార్లన్నది మల పరీక్ష చూసి డాక్టరు చెబుతారు.